పాట కింది పేరు

2024 సెప్టెంబరు 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మా మేనత్త మేడమీద గదిలో ఉంది. 79 ఏళ్ళ మనిషి, మోకాళ్ళు సహకరించవు. కింద ఇల్లంతా నడుంలోతు నీళ్ళు. పాలప్యాకెట్లూ మంచినీళ్ళ సీసాలూ పడవల మీద వచ్చాయి. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బెజవాడ వాళ్ళం అందరం భయంభయంగా బ్యారేజీ వైపే చూస్తున్నాం. తీరా ఊరిని ముంచింది పెద్ద ఏరు కాదు, మామూలు రోజుల్లో ఎవరూ తలెత్తి చూడని వాగు. దానికి బెజవాడ దుఃఖదాయని అని పేరు. ఆడపేరు పెట్టి తిట్టటం మనవాళ్ళకి అలవాటే లెండి.

నీళ్ళు తీశాక ఇల్లు కడగటానికి వెళ్ళాను. అత్తయ్య వైద్య పుస్తకాలు ఉబ్బి అలమరలోంచి ఊడి రాలేదు. మంచాలు, పరుపులు, ఫ్రిజ్జు అన్నీ వీధిలోకి చేరాయి. చివర్న ముందుగదిలో కింది అర దగ్గరికి వచ్చాను. మా బంధువర్గంలో అందరికీ తెలిసిన అర అది. "మావయ్యగారి రికార్డులు" అంటారు. మావయ్య పోయి పదేళ్ళు దాటినా దాని పేరు అదే. అరవై దాకా ఎల్.పీ.లు. ఘంటసాల భగవద్గీత, బాలమురళి తత్వాలు, జిమ్ రీవ్స్, ఇంకా నేను పేర్లు చదవలేనివి కొన్ని. అట్టలన్నీ నాని పిండిముద్దలైపోయాయి. పళ్ళేలు మాత్రం బాగానే ఉన్నాయి. వినైల్ నీళ్ళకి చెడదు, ఎండకే వంకరపోతుంది. ఒక్కోటీ కుళాయి కింద కడిగి, వంటింట్లో కంచాల స్టాండు తెచ్చి నీడలో ఆరబెడుతున్నాను.

ఒక అట్ట సగం మిగిలింది. గడులు గడులుగా కార్టూను బొమ్మలు. చీప్ థ్రిల్స్. అట్ట తెరవబోతుంటే మెట్ల మీంచి అత్తయ్య కేక.

"అది జాగ్రత్తమ్మాయ్. అది నాది."

"అన్నీ మావయ్యవి కదా అత్తయ్యా?"

"సగం నేను కొన్నవే. ప్లేయరు ఆయన కొన్నాడు, అంచేత అన్నీ ఆయనవయ్యాయి."

ముప్పై ఏడేళ్ళు వచ్చాయి నాకు. స్త్రీల సాహిత్యం మీద డాక్టరేటు చేశాను. చరిత్రలో మాయమైన ఆడవాళ్ళ పేర్లు వెతకటమే నా పని. ఆ అరని చిన్నప్పట్నించీ మావయ్యగారి రికార్డులనే అన్నాను.

ఈ వ్యాసం ఆ రికార్డు గురించి. దాంతోపాటు నా సిద్ధాంతగ్రంథంలో 214వ పేజీ గురించి. రెండింటికీ సంబంధం ఉందని నాకు తెలియటానికి బుడమేరు పొంగాల్సి వచ్చింది.

రికార్డు సంగతి కొంచెం చెప్పాలి. 1968 ఆగస్టులో కొలంబియా కంపెనీ విడుదల చేసింది. శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన బిగ్ బ్రదర్ అండ్ ద హోల్డింగ్ కంపెనీ అనే బృందానిది. గాయని జానిస్ జాప్లిన్. బ్లూస్ రాక్ అంటారు దీన్ని. బ్లూస్ అమెరికాలో నల్లజాతి వాళ్ళ పాట, పొలాల్లోంచీ జైళ్ళలోంచీ చిన్న సారా కొట్లలోంచీ వచ్చినది. దాన్ని 60లలో, ఎక్కువగా తెల్ల కుర్రాళ్ళు, ఎలక్ట్రిక్ గిటార్లతో పెద్ద చప్పుడు చేసి వాయిస్తే బ్లూస్ రాక్ అయింది. సంగీతం తెలిసినవాళ్ళు ఇంత పొట్టిగా చెప్పినందుకు నన్ను తిడతారేమో. ఆ ఏడాది అమెరికాలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో ఉన్న రికార్డు. రికార్డులో వినిపించే జనం కేకలు చాలావరకు స్టూడియోలో కలిపినవి. రెండోవైపు చివరి పాట "బాల్ అండ్ చెయిన్" మాత్రం నిజంగా జనం ముందు పాడింది. తొమ్మిది నిమిషాల పైచిలుకు.

నా పదకొండో ఏట, వేసవి సెలవుల్లో, ఆ తొమ్మిది నిమిషాలు మొదటిసారి విన్నాను. మధ్యాహ్నం మావయ్య క్లినిక్‌కి వెళ్ళాక అత్తయ్య పెట్టింది. కాసేపటికి మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, "అదేం పాట వదినా, పిల్లలు జడుసుకుంటారు" అంది. నేను జడుసుకోలేదు. నాకు ఆ గొంతు తెలుసు అనిపించింది. ఎక్కడ విన్నానో ఆ వయసులో చెప్పలేకపోయాను.

తర్వాత చాలా ఏళ్ళకి అర్థమైంది. మన ఇళ్ళలో రేడియోలోంచీ రికార్డులోంచీ వచ్చే ఆడగొంతుకి ఒక కొలత ఉంది. సన్నగా, తియ్యగా, శ్రుతి దాటకుండా ఉండాలి. రావు బాలసరస్వతీదేవి, సుశీల, జానకి. వాళ్ళ గొప్పతనం మీద నాకే అనుమానమూ లేదు, ఇప్పటికీ రాత్రిళ్ళు వినేది వాళ్ళనే. కానీ ఆడదాని గొంతంటే అదే అని మనం నిర్ణయించేసుకున్నాక మిగిలినవన్నీ మోటు గొంతులయ్యాయి. దివిసీమలో మా అమ్మమ్మగారి ఊళ్ళో, ఊడ్పుల రోజుల్లో, బురదలో వంగుని వరసగా వెనక్కి నడుస్తూ పాడే ఆడవాళ్ళ గొంతు అలాంటిదే. పొట్టలోంచి పైకి తోసినట్టుంటుంది. గట్టు అవతలి వరసకి వినపడాలి కదా, తియ్యగా ఉంటే కుదరదు. జాప్లిన్ గొంతులో నేను గుర్తుపట్టింది దాన్నే. వింజమూరి అనసూయ, సీత సోదరీమణులు జానపదాన్ని రేడియోకీ రికార్డుకీ ఎక్కించారు. అది చిన్న పని కాదు. ఆ పాటల్ని సభల్లోకి రానిచ్చిన వాళ్ళు వాళ్ళే. అయితే పాట సభలోకి వస్తూ వస్తూ గొంతు మార్చుకుని వచ్చింది. పొలం గొంతు పొలంలోనే ఉండిపోయింది.

మళ్ళీ అత్తయ్య దగ్గరికి. గుంటూరులో వైద్యం చదివి, 1971లో మావయ్యతో అమెరికా వెళ్ళింది. ఆ రోజుల్లో అక్కడి వలస చట్టం సడలి మన డాక్టర్లు గుంపులుగా వెళ్తున్నారు. షికాగోలో ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో రాత్రి డ్యూటీలు. అక్కడ ఒక నల్లజాతి ఆయా ఉండేదట, పనిచేస్తూ ఎప్పుడూ ఒక పాట కూనిరాగం తీసేది. ఏం పాటని అడిగితే, పేరు చెప్పి, బిగ్ మామా పాట అంది. ఆ ఆదివారం అత్తయ్య రికార్డుల కొట్టుకి వెళ్ళి, కాగితం మీద రాసుకున్న పాట పేరు చూపించింది. కొట్టతను ఈ రికార్డు తీసి ఇచ్చాడు.

"అట్ట మీద బిగ్ మామా అని లేదేంటి అనుకున్నాను. ఈవిడే కాబోలు అనుకుని ఊరుకున్నాను. ఎన్నో ఏళ్ళు ఈ జాప్లిన్ నల్లావిడనే అనుకున్నానే" అంది అత్తయ్య.

ఆ ఆయా పేరేమిటని అడిగాను. అత్తయ్య చాలాసేపు ఆలోచించింది. "నన్ను ఆవిడ డాక్టర్ అనేది. నేనావిణ్ణి పేరు పెట్టే పిలిచేదాన్ని. రోజూ పిలిచిన పేరు... రావటం లేదు."

బిగ్ మామా అంటే విల్లీ మే థార్న్‌టన్. 1926లో అలబామాలో పుట్టింది. 1952లో "హౌండ్ డాగ్" రికార్డు చేసింది. అది లీబర్, స్టోలర్ అనే ఇద్దరు తెల్ల కుర్రాళ్ళు ఆమె కోసం రాసిన పాట. ఏడు వారాలు నల్లజాతి సంగీత పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. దానికి తనకి ముట్టింది ఒక్క 500 డాలర్ల చెక్కేనని ఆమె తర్వాత చెప్పుకుంది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ అదే పాట పాడితే ప్రపంచానికి అది అతని పాటే అయింది. "బాల్ అండ్ చెయిన్" అలా కాదు, ఆమె స్వయంగా కట్టుకున్న పాట. ఖైదీ కాలికి వేసే ఇనప గుండూ గొలుసూ, వాటితో ప్రేమకి పోలిక. 60ల మొదట్లో ఒక చిన్న కంపెనీకి రికార్డు చేసింది. వాళ్ళు విడుదల చెయ్యలేదు, హక్కులు మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు.

ఇక్కడే నాకు ఇబ్బంది మొదలవుతుంది. జాప్లిన్‌ని దొంగ అనేస్తే సుఖంగా ఉంటుంది. నల్లవాళ్ళ పాట తెల్లపిల్ల ఎత్తుకుపోయింది, కోట్లు సంపాదించింది అని మూడు వాక్యాల్లో తేల్చెయ్యచ్చు. నేను క్లాసులో ఒకటిరెండుసార్లు అలా తేల్చేశాను కూడా. కానీ జాప్లిన్ ఏం చేసిందో చూడండి. థార్న్‌టన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పాడుతుంటే వెళ్ళి వింది. పాట పాడతామని అడిగింది, థార్న్‌టన్ సరేనంది. నేను కుళాయి కింద కడిగిన రికార్డు మధ్య గుండ్రటి కాగితం మీద, బుడమేరు నీళ్ళలో వారం పైన నానినా, పాట కింద థార్న్‌టన్ అన్న ఇంటిపేరు చదవగలిగాను. పాటని ఉన్నదున్నట్టు దించలేదు, రాగచ్ఛాయ మార్చింది, నడక తగ్గించింది, తన బతుకుతో నింపింది. ఒక కళాకారిణి ఇంకో కళాకారిణి పట్ల చెయ్యగలిగిన మర్యాదలన్నీ చేసింది. అయినా ఆ పాట మీద వచ్చిన హక్కుల డబ్బు థార్న్‌టన్‌కి చేరలేదు, హక్కులు ఆమె చేతిలో లేవు కాబట్టి.

అంటే ఇద్దరాడవాళ్ళ మధ్య అన్యాయం జరక్కుండానే అన్యాయం జరిగిపోయింది. ఇది నన్ను చాలా రోజులు వేధించింది. వ్యక్తిగా మనం మంచిగా ఉంటే సరిపోతుందా అన్న పాత ప్రశ్నే. సరిపోదని మనకి తెలుసు. వ్యవస్థ అనే మాట మనం రోజూ వాడతాం. కానీ సరిపోదు కాబట్టి మంచిగా ఉండటం లెక్కలోకి రాదా? అడగటం, పేరు వెయ్యటం, వినటం, ఇవి డబ్బుకి బదులు కావు. డబ్బు కూడా వీటికి బదులు కాదనుకుంటాను.

జాప్లిన్ 1970 అక్టోబరు 4న, 27 ఏళ్ళకి పోయింది. దానికి రెండు నెలల ముందు ఇంకో పని చేసింది. బ్లూస్ మహాగాయని బెస్సీ స్మిత్ 1937లో కారు ప్రమాదంలో చనిపోతే, ఫిలడెల్ఫియా దగ్గర శ్మశానంలో ఆమె సమాధి మీద 33 ఏళ్ళు పేరు చెక్కిన రాయి లేదు. ఆ రాయికి డబ్బిచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు జాప్లిన్. రెండోవారు జువానిటా గ్రీన్, చిన్నప్పుడు బెస్సీ స్మిత్ ఇంట్లో పనిచేసిన నల్లజాతి స్త్రీ. జాప్లిన్ పేరే ఎక్కువమందికి గుర్తుంది. పేరు లేని సమాధికి పేరు పెట్టినవాళ్ళలో కూడా ఒకరి పేరు చిన్నదయిపోయింది.

గవర్నరుపేటలో పాత రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గర్నించి ప్లేయరు అద్దెకి తెచ్చాను. అత్తయ్యకి రికార్డు వినిపించాను. గరగరలున్నాయి కానీ పలికింది. తర్వాత ఫోనులో థార్న్‌టన్ పాడిన అదే పాట పెట్టాను. యాభై ఏళ్ళ కిందట ఆమె కొట్టుకెళ్ళి అడిగిన పాట. ఇదే నే ఆవిడ పాడింది అంటుందనీ, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనీ, అది నా వ్యాసానికి బాగుంటుందనీ అనుకున్నాను. ఒప్పుకోవాలి కదా.

అత్తయ్య పూర్తిగా వింది. "ఈవిడ తాపీగా పాడుతోంది. బాగుంది. కానీ నాకు ఆ రోజుల్లో తాపీ లేదమ్మా. రాత్రంతా కాన్పులు, పగలు ఇంట్లో వంట, మీ మావయ్య పరీక్షలు. నాకు ఆ అరుపే కావాల్సొచ్చింది. నా బదులు అది అరిచేది" అంది.

అసలు, నకలు అని నేను గీసుకున్న గీత మీద అత్తయ్య అలా కాలు పెట్టి వెళ్ళిపోయింది.

ఇప్పుడు 214వ పేజీ.

2013లో నా పరిశోధన కోసం దివిసీమలో ఊడ్పుల పాటలు సేకరించాను. మా అమ్మమ్మగారి ఊరే ఎంచుకున్నాను, తెలిసిన ఊరు కాబట్టి తేలిక అనుకుని. ఎవరికి తెలిసిన ఊరు అన్న ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. నాకు ఎక్కువ పాటలు పాడిన ఆమెకి అప్పటికి అరవై దాటాయి. మా అమ్మమ్మ వాళ్ళ పొలంలో ముప్పై ఏళ్ళు ఊడ్చిన మనిషి. మూడు రోజులు ఇంటి అరుగు మీద కూచుని పాడింది, నేను కుర్చీలో. వెళ్ళేటప్పుడు చీర పెట్టాను. థార్న్‌టన్ 500 డాలర్ల చెక్కు గురించి క్లాసులో ఆవేశంగా మాట్లాడినప్పుడు ఆ చీర నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఆమె పాడినవాటిలో ఒకటి ఉప్పెన పాట. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమ మీద పడిన ఉప్పెన. పదివేల మందికి పైగా పోయారు. మా జిల్లాలో ఇప్పటికీ ఎవరి వయసైనా ఉప్పెనకి ముందూ తర్వాతా అనే లెక్కపెడతారు. ఆ పాటలో ఒక చిన్నపిల్ల ఉంది. తల్లి చేతిలోంచి జారిపోతుంది. ఆ పిల్లని పేరు పెట్టి పిలుస్తూ ప్రతి చరణం ఆగుతుంది. నేను ఆ పాట మొత్తం ఎత్తి రాశాను. ఛందస్సు చూశాను, పల్లవి ఎత్తుగడని వేరే సంపుటాల్లోని పాటలతో పోల్చాను. కింద వివరాలు రాశాను. జానపద గేయం, ఊడ్పుల పాట. గాయని: స్త్రీ, వయసు 62, వ్యవసాయ కూలీ. కులం గడి కూడా నింపాను. పేరుకి గడి లేదు, నేను గీసుకున్న పట్టికలోనే లేదు. ఆ పిల్ల పేరు దగ్గర ఒక అధోజ్ఞాపిక పెట్టాను. జానపద గేయాల్లో తరచు కనిపించే స్త్రీ నామం అని.

స్త్రీ శక్తి సంఘటన వాళ్ళ "మనకు తెలియని మన చరిత్ర" నేను ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. 1986లోనే, తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ మాటల్ని వాళ్ళ పేర్లతో, వాళ్ళ నడకలో అచ్చువేసి చూపించిన పుస్తకం. ఏంజెలా డేవిస్ 1998లో బ్లూస్ గాయనుల మీద రాసిన పుస్తకం నేను పాఠం చెప్పాను. మా రెయినీ, బెస్సీ స్మిత్ పాటల్లో శ్రామిక స్త్రీల ఆలోచన ఉందనీ, అది సిద్ధాంతంగా రూపుదిద్దుకోక ముందే పాటగా ఉందనీ ఆమె అంటుంది. ముద్దుపళని పేరు నిలబెట్టటానికి 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఎంత పోరాడిందో నా సిద్ధాంతగ్రంథం మొదటి అధ్యాయంలోనే ఉంది. ఇవన్నీ తెలిసిన మనిషి చేతిలోనే 214వ పేజీ తయారైంది. తెలియక చేశానని చెప్పుకోవటానికి లేదు.

అత్తయ్యని మా ఇంటికి తీసుకొచ్చాక ఒక రాత్రి, ముంపు గురించే ఆలోచిస్తూ, ఆ ఉప్పెన పాట మళ్ళీ వినాలనిపించింది. రాసుకున్నది కాదు, రికార్డు చేసింది. పదకొండేళ్ళుగా నేను రాతప్రతే చూశాను, ధ్వని వినలేదు. మనలో చాలామంది అంతే కదూ. పాట అయిపోయింది. నేను ఎత్తి రాయటం అక్కడితో ఆపాను. రికార్డరు మాత్రం ఆగలేదు. రెండు క్షణాల తర్వాత ఆమె మామూలు గొంతుతో అంటోంది, ఇది ఎవరూ చెప్పింది కాదమ్మాయిగారూ, నేను కట్టుకున్నదే, మా పెద్దపిల్లదండీ అని. వెంటనే నా గొంతు, ఉత్సాహంగా: "సరేనమ్మా, ఇంకోటి పాడండి."

ఆ రాత్రి దాన్ని ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో చెప్పను.

1927లో మిసిసిపీ గట్లు తెగినప్పుడు నల్లజాతి గాయకులు ఆ వరద మీద ఎన్నో పాటలు కట్టారు. మెంఫిస్ మిన్నీ, ఆమె భర్త కలిసి 1929లో రికార్డు చేసిన అలాంటి పాట ఒకదాన్ని 1971లో లెడ్ జెప్పెలిన్ వాడుకున్నారు. వాళ్ళు కూడా మిన్నీ పేరు వేశారు. కోట్లకి పడగెత్తిన మగ బృందం వేసిన పేరు నేను వెయ్యలేకపోయాను. కారణం నాకు తెలుసు. నా చెవిలో జానపదం అనే మాట ముందే కూచుని ఉంది. అది పాట వినకముందే పాట ఏమిటో చెప్పేసింది. జానపదానికి కర్త ఉండదని నేర్చుకున్నాను కాబట్టి, కర్త ఎదురుగా కూచుని నేనే కట్టానని చెప్తుంటే నా చెవికి ఎక్కలేదు. అజ్ఞాతకర్త చాలాసార్లు స్త్రీయే అయి ఉంటుందని వర్జీనియా వుల్ఫ్ 1929లో ఊహించిన మాట మనకి చాలా ఇష్టం. నేను నా ముందుమాటలో వాడాను. అజ్ఞాత అనేది కాలం చేసే పని అన్నట్టు రాశాను. ఇక్కడ కాలం ఏమీ చెయ్యలేదు. 2013లో ఒక మధ్యాహ్నం, అరుగు మీద, అడుగు దూరంలో నేను చేశాను.

పాట అందరిదీ అన్న వాదన నేను కొట్టిపారెయ్యను. ఊడ్పుల పాటలు చాలావరకు నిజంగానే అందరివీ. ఒకరు ఎత్తుకుంటే పది గొంతులు అందుకుంటాయి, చరణాలు వచ్చి చేరతాయి. వాటికి కాపీరైటు కాగితం తగిలిస్తే ఆ పాట బతకదు. ఆమె మిగిలిన పాటలు అలాంటివే కావచ్చు. అందుకే ఏది అందరిదో ఏది తనదో చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే. చెప్పింది కూడా. జాప్లిన్‌కీ నాకూ తేడా గొంతులో, డబ్బులో కాదు. ఆమె వెళ్ళి వింది. విన్నది కాబట్టే మార్చగలిగింది. నేను పొల్లు పోకుండా ఎత్తి రాశాను, వినలేదు.

2025 సంక్రాంతి వెళ్ళాక అవనిగడ్డ మీదుగా ఆ ఊరు వెళ్ళాను. ఆమె 2019లోనే పోయింది. చిన్నకూతురు ఉంది. ఉప్పెన తర్వాత పుట్టింది, నాకంటే కొన్నేళ్ళు పెద్ద. ఇప్పుడా ఊళ్ళో చాలా పొలాల్లో వెద జల్లుతున్నారు, ఊడ్పులకి యంత్రాలూ వస్తున్నాయి. పాడుతూ ఊడ్చే వరసలు తగ్గాయని తనే చెప్పింది. ఫోనులో పాట పెట్టి చేతికిచ్చాను. వాళ్ళమ్మ గొంతు వాళ్ళ దగ్గర ఎక్కడా లేదు. ఫొటో ఒకటుంది, ఆధార్ కార్డుది. నిలబడే వింది. పిల్ల పేరు వచ్చిన ప్రతిసారీ పెదాలు కదిపింది. తర్వాత వాళ్ళమ్మ మాట, తర్వాత నా మాట. అక్కడ నా వైపు చూడలేదు.

"మా అక్క పేరండీ అది" అంది. "మీ పుస్తకంలో ఉందా?"

ఉందని చెప్పాను. ఎలా ఉందో కూడా చెప్పాను. తరచు కనిపించే నామం అన్న మాటకి అర్థం రెండుసార్లు అడిగింది. చెప్పాను. "ఊళ్ళో ఇంకెవరికీ లేదండీ ఆ పేరు. మా నాయనమ్మది పెట్టారు" అంది.

వాళ్ళమ్మ పేరు వేస్తాననీ, ఆ అధోజ్ఞాపిక తప్పని అచ్చులో రాస్తాననీ అన్నాను. నా మనసులో అది పెద్ద బహుమానం లాగే ఉందనుకుంటాను. ఆమె ఏమంత సంబరపడలేదు. పేరుతోపాటు కులం కూడా వేస్తారా అని అడిగింది. తమ్ముడి కొడుకు బెజవాడలో చదువుకుంటున్నాడట, వాణ్ణడిగి చెప్తానంది. ఇంతకుముందు అడక్కుండా వెయ్యలేదు, ఇప్పుడు అడక్కుండా వెయ్యకూడదు. అందుకే ఈ వ్యాసంలో కూడా ఆమె పేరు లేదు. చదువుతున్న మీకు ఇది లోపంగా అనిపిస్తే, అనిపించటం న్యాయమే.

నేను డిగ్రీ తీసుకున్న చోట 214వ పేజీ సవరణ గురించి అడిగాను. డిగ్రీ ఇచ్చేసిన గ్రంథాన్ని సవరించే పద్ధతి లేదన్నారు. ఇంట్లో ఉన్న ప్రతుల్లో ఆ అధోజ్ఞాపిక కొట్టేశాను. గాయని అన్న చోట స్త్రీ అనే మాట కొట్టేసి ఖాళీ వదిలాను.

అత్తయ్య రికార్డు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. పాత అట్టలో సమ్మర్‌టైమ్ పాట గడిలో, ఏడుస్తున్న తెల్లపాపని ఎత్తుకున్న నల్ల దాది బొమ్మ ఉండేది, వెక్కిరింపుగా గీసింది. థార్న్‌టన్ పాటని మోసిన అట్ట మీదే ఆ బొమ్మ. అది నాని నా వేళ్ళకి అంటుకుని వచ్చేసింది. దాన్ని పోగొట్టుకున్నందుకు బాధ లేదు. తెల్ల కాగితంతో సంచీ కుట్టి రికార్డు అందులో పెట్టాను. పైన ఏం రాయాలని అత్తయ్యనడిగితే, "నా పేరు రాయి ముందు" అంది. 2024లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి థార్న్‌టన్‌ని తీసుకున్నారని చెప్పాను. ఆమె చనిపోయి 40 ఏళ్ళయింది. "అయితే ఆవిడ పేరు కూడా రాయి" అంది. షికాగో ఆయా పేరు కోసం ఇంకా ఆలోచిస్తూనే ఉంది. ఒక్కోరోజు పొద్దున్నే లేచి ఏదో పేరు చెప్తుంది, మళ్ళీ కాదంటుంది.

మొన్న దివిసీమ నుంచి ఫోను వచ్చింది. పేరు సంగతి ఇంకా తేల్లేదట. వేరే పని మీద చేసింది. ఆ పాట పిల్లలందరి ఫోన్లలోకీ ఎక్కించుకుంటున్నారట. "చివర మీ మాట ఉంది కదండీ, అది తీసేసి పంపుతారా?" అని అడిగింది.

తీసేసి పంపాను. నా దగ్గరున్న దాంట్లో అలాగే ఉంచాను.